సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఏ ఫార్మాట్? ఎంపీ3లో తెగుతోంది

వేళచ్చేరి నుంచి (అడిగినవారు):
సాయంత్రం నుంచి ఇదే పని, విసుగొచ్చేసింది. నాన్నగారి కర్ణాటక సంగీతం సీడీలు బీరువా నిండా ఉన్నాయి. మార్గళి కచేరీలకు వెళ్లినప్పుడల్లా మైలాపూర్‌లో కొన్నవి. వేవ్‌లో తీస్తే పాటల పేర్లు రావట్లేదు, పైగా ఒక్కో సీడీకి 600, 700 ఎంబీ. ఎంపీ3లో తీస్తే తెగుతోంది. తలా ఒక ఫార్మాట్ చెబుతున్నారు. ఏదో ఒకటి తేల్చండి, అన్నీ మళ్లీ తీసే ఓపిక లేదు.

అడయార్ నుంచి:
ఫ్లాక్. శబ్దంలో ఏదీ పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్.

తాంబరం నుంచి:
ఫార్మాట్ సంగతి తర్వాత, ముందు చదవడం సరిగ్గా జరగాలి. గీతలు పడ్డ చోట డ్రైవ్ చదవలేకపోతే పక్క శాంపిళ్లను (శబ్దపు కొలతలను) బట్టి ఊహించి పూడ్చేస్తుంది, మీకు చెప్పదు. సీడీలు తీసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌ను సెక్యూర్ మోడ్‌లో పెట్టండి. అనుమానం ఉన్న చోట మళ్లీ మళ్లీ చదివి పోల్చుకుంటుంది. అక్యురేట్‌రిప్ అనే డేటాబేస్ అయితే అదే సీడీ తీసిన వేరేవాళ్ల ఫలితంతో సరిచూస్తుంది. ఇంట్లో రైట్ చేసిన సీడీలు ఉంటే ముందు అవి తీయండి. వాటిలోని రంగు పొర మన చెన్నై ఉక్కకీ ఎండకీ త్వరగా పాడవుతుంది. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీది దొరుకుతుంది.

అన్నానగర్ నుంచి:
24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పెట్టి తీసేయండి. హార్డ్‌డిస్క్‌లో చోటుకేం కొదవ?

అడయార్ నుంచి:
సీడీలో ఉన్నదే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. పెంచితే ఫైల్ లావెక్కుతుంది, అంతే.

అన్నానగర్ నుంచి:
అయితే సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీ3 చాలు. అదీ ఒరిజినల్ క్వాలిటీయే, తేడా ఎవరికీ వినపడదు.

తాంబరం నుంచి:
వినపడకపోవడం వేరండీ, ఒరిజినల్ కావడం వేరు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటాయి. 320 అంటే అందులో పావు వంతు కూడా కాదు. ఫ్లాక్ ఏదీ పారేయకుండానే సైజు దాదాపు సగానికి తెస్తుంది. రేపు ఇంకో ఫార్మాట్ కావాలంటే దాన్నుంచే చేసుకోవచ్చు, సీడీ మళ్లీ బయటికి తీయక్కర్లేదు. ఎంపీ3 నుంచి చేస్తే పోయినదాని మీద ఇంకా పోతుంది.

మాంబళం నుంచి:
అసలు తెగేది ఎక్కడ? పాట నడుస్తుండగానా, ట్రాక్ మారేచోటా? దేంట్లో వింటున్నారు?

వేళచ్చేరి నుంచి:
ట్రాక్ మారేచోట. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఇచ్చారు. సరిగ్గా పల్లవి ఎత్తుకునే చోట టక్కున ఆగి మళ్లీ మొదలవుతోంది. నాన్నగారికి ప్రాణం పోయినట్టవుతోంది. కార్లోనే వింటాం, పెన్‌డ్రైవ్ పెట్టి.

మాంబళం నుంచి:
ఇప్పుడు అర్థమైంది. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ల ముక్కలుగా సర్దుతుంది. ట్రాక్ చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుతుంది. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌తో చేస్తే ఆ ఖాళీ లెక్క ఫైల్‌లో రాసి ఉంటుంది కానీ దాన్ని పట్టించుకోని కార్ స్టీరియోలు చాలా ఉన్నాయి. ఫ్లాక్‌లో ఈ ఖాళీ ఉండదు. మీ కారు ఫ్లాక్ చదువుతుందో లేదో మాన్యువల్‌లో చూడండి. చదివినా ఫైల్ మారేచోట తడబడేవి ఉన్నాయి.
కాబట్టి దాచుకోవడానికి అన్నీ ఫ్లాక్. కారు కోసం ఆ మూడు ట్రాకుల్నీ ముందు ఒకే ఫైల్‌గా కలిపి, తర్వాత ఎంపీ3 చేయండి. విడివిడి ఎంపీ3లు చేసి కలిపితే ఖాళీ లోపలే ఉండిపోతుంది.

అన్నానగర్ నుంచి:
పేర్లు తెలుగులో పెట్టకండి. కార్లో డబ్బాలు కనిపిస్తాయి.

తాంబరం నుంచి:
కారు ఎంపీ3లకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకోనివ్వండి. దాచుకునే ఫ్లాక్‌లో తెలుగులోనే రాయాలి, పేర్లు, వివరాలు రాసుకునే దాని ట్యాగులు యూనికోడే, తెలుగు అక్షరాలు పడతాయి. రాగం, తాళం, పక్కవాద్యాలు ఎవరివో కూడా ఎక్కించండి. కవర్ మీది కాగితం పోతే ఆ వివరాలు ఇంకెక్కడా దొరకవు.

వేళచ్చేరి నుంచి:
ఒక కచేరీ కలిపి చేసి కార్లో పెట్టాను, ఆగట్లేదు. థాంక్సండీ.

తాంబరం నుంచి:
రైట్ చేసిన సీడీలు ఉన్నాయో లేదో చెప్పలేదు.