నాన్న పోయాడు, అమ్మ కువైట్‌లో ఉంది: పిల్లల్ని ఇంట్లోనే ఉంచి సాయం చేసే సంస్థలు కోనసీమలో ఉన్నాయా?

రాజోలు దొడ్డమ్మ:

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే జాకెట్లు కుడుతూ ఉంటాను. మా చెల్లి పిల్లలిద్దరూ ఇప్పుడు నా దగ్గరే పెరుగుతున్నారు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. పోయినేడు వానాకాలంలో చెట్టు మీంచి జారిపడ్డాడు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి పోయాడు. ఆ ఖర్చుకి చేసిన అప్పు తీర్చడానికి చెల్లి కువైట్ వెళ్లింది, ఒక ఇంట్లో పనికి. మా వైపు ఇదేం వింత కాదు. మా వీధిలోనే చాలా ఇళ్లలో పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉంటారు.

పాప నాకు బాగానే అలవాటైంది. బాబు సంగతే టెన్షన్. మూడేళ్లకే పక్క తడపడం మానేసిన పిల్లాడు ఇప్పుడు మళ్లీ తడుపుతున్నాడు. నాకు తెలియకూడదని తెల్లారకముందే లేచి దుప్పటి తీసుకెళ్లి పెరట్లో తొట్టిలో పడేస్తాడు. వాళ్లమ్మ వీడియో కాల్ చేస్తే ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టి బయటికి పోతాడు. బడికని బయలుదేరి ఒక్కోరోజు కాలవ గట్టు మీదే కూర్చుండిపోతున్నాడని చూసినవాళ్లు చెప్తున్నారు. తోటల్లోకి మాత్రం అస్సలు రాడు. మా ఊళ్లో కొబ్బరి తోట తగలకుండా బడికి దారెక్కడిది?

హాస్టల్లో వేసెయ్యమని మా అత్తగారు ఒకటే పోరు. ఈ మధ్య ఒకాయన కారులో వచ్చాడు, ఏదో సంస్థ అట. పిల్లలిద్దర్నీ తమ హోమ్‌కి పంపిస్తే తిండి, బట్టలు, చదువు అన్నీ ఉచితం, కౌన్సెలింగ్ కూడా ఇస్తామన్నాడు. పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీసుకున్నాడు. ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే, చెల్లిని అడిగి చెప్తానని పంపేశాను. అది అక్కడ ఏడుస్తోంది, "నీ ఇష్టం అక్కా" అంటోంది.

పిల్లల్ని తీసుకుపోకుండా, ఇంటికొచ్చి బాబుతో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? డబ్బుకీ ఇబ్బందిగానే ఉంది. చెల్లి పంపేది వడ్డీకే సరిపోతోంది.

గన్నవరం మాస్టారు:

అమ్మా, హాస్టల్ అనగానే భయపడిపోకండి. అంబేద్కర్ గురుకులాల్లో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. బాబు వయసు చూస్తే త్వరలో రాయించవచ్చు. ఇంట్లో చూసే దిక్కు లేని పిల్లలు అక్కడ చేరి బాగా చదువుకున్నారు, నా శిష్యుల్లోనే ఉన్నారు. ఈలోపు క్లాస్ టీచర్‌ని కలిసి ఇంట్లో జరిగింది చెప్పండి. చాలాసార్లు మాకు తెలియనే తెలియదు, "బద్ధకస్తుడు" అని రాసేస్తాం. హాజరు కూడా చూసుకోండి. 75 శాతం లేకపోతే తల్లికి వందనం డబ్బు ఆగిపోతుంది.

పాత ఫీల్డ్ వర్కర్, అమలాపురం:

అమ్మా, ముందు ఆ కాగితం మాట. దాని మీద సంతకం పెట్టకండి.

నేను చాలా ఏళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో ఉండి ముమ్మిడివరం, రాజోలు, లంక గ్రామాల్లో తిరిగినవాణ్ని. పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకి ఫోన్ వస్తే పరిగెత్తేవాళ్లం. ముంబైలో 1996లో మొదలైన ఆ చైల్డ్‌లైన్‌ను 2023 దాకా దేశమంతటా మాలాంటి సంస్థలే నడిపేవి. తర్వాత మిషన్ వాత్సల్య అనే కేంద్ర పిల్లల సంరక్షణ పథకం కింద ప్రభుత్వమే తీసుకుని 112 అత్యవసర నంబరు వ్యవస్థతో కలిపింది. నంబరు అదే, ఉచితమే. ఇప్పుడు మీ పని చూడాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. వాళ్లకి ఏ సంస్థ మంచిదో, ఏది పేరుకే ఉందో బాగా తెలుసు. అడగండి.

పిల్లల్ని హోమ్‌లో చేర్చుకోవడం మీ సంతకంతో అయ్యే పని కాదు. బాలల సంక్షేమ కమిటీ ముందు పిల్లల్ని హాజరుపరచాలి, వాళ్ల ఉత్తర్వు ఉండాలి. హోమ్‌కి 2015 జువైనల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఇంట్లో ఉంచే దారులన్నీ చూశాకే, ఆఖరికి హోమ్ అని ఆ చట్టమే చెబుతోంది. మీ ఇంటికొచ్చినాయన మంచివాడే కావచ్చు, నాకు తెలియదు. కానీ ఫొటో ముందు, కమిటీ తర్వాత అనే మనిషిని నేను నమ్మను.

సంస్థ మంచిదో కాదో చూడ్డానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. వచ్చిన మనిషి పిల్లల గురించి అడుగుతూ మిమ్మల్ని కూడా అడిగాడా? మిషన్ మీద నెలకి ఎంత వస్తోంది, రాత్రి నిద్ర పడుతోందా, మీ అత్తగారు ఏమంటున్నారు, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు? ఇవి అడగని కౌన్సెలింగ్ వల్ల పిల్లాడికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. లంకలో ఒక పాప ఉండేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. మా కౌన్సెలర్ వారం వారం వెళ్లి బొమ్మలు వేయించేది. ప్రతి బొమ్మలోనూ ఒక ముసలామె మంచం మీద పడుకునే ఉండేది. తీరా చూస్తే అమ్మమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు, తడుముకుంటూ నడిచేది. ఆమె కూడా పోతే తనెక్కడికి పోవాలి అని పాప దిగులు. అమ్మమ్మని పంటు మీద ఏరు దాటించి కాకినాడ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాక పాప నోరు విప్పింది. మా రిపోర్టులో అది "వైద్య సహాయం" అనే గడిలో పడింది. పిల్లల మానసిక ఆరోగ్యం అనే గడిలో రాయనివ్వలేదు. ఆ ఫారాలు తయారుచేసినవాళ్లు ఏ లంకకైనా వచ్చి ఉంటే బాగుండేది.

మాస్టారికి నా మనవి ఒకటి. గురుకులం హోమ్ లాంటిది కాదు, ఒప్పుకుంటాను. బాబు తనంతట తను చదువుకుంటానంటే మంచిదే. కానీ ఏడాది తిరగకుండా నాన్న పోయి, అమ్మ దూరమై, పక్క తడుపుతున్న పిల్లాణ్ని ఇప్పుడు డార్మిటరీలో పడుకోబెడితే తెల్లారి తోటి పిల్లలు ఏమంటారో మీకు నాకంటే ఎక్కువ తెలుసు. మాకు ట్రైనింగ్‌లో బుకారెస్ట్ సంగతి చెప్పేవాళ్లు. రొమేనియాలో అనాథ శరణాలయాల్లోని 136 మంది పసిపిల్లల మీద 2000లో మొదలైన అధ్యయనం అది. కొందర్ని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు, మిగతావాళ్లు సంస్థల్లోనే ఉన్నారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు తెలివిలోనూ, మనుషులతో కలవడంలోనూ మెరుగయ్యారు. ఇక్కడ మీ బాబుకి కుటుంబం ఉండనే ఉంది. దాన్ని పడిపోకుండా చూసుకుంటే చాలు.

ఇక మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసిన వాక్యం ఒకటి ఉంది. తోట తగలకుండా బడికి దారి లేదన్నారు. వాళ్ల నాన్న పడింది చెట్టు మీంచి. బాబు కాలవ గట్టు మీద కూర్చోవడం బడి ఎగ్గొట్టడానికేనా, చెట్ల కింద నుంచి నడవలేకనా? వాడు కూర్చునే చోటు తోట మొదలయ్యే ముందేనా, చూడండి. నిలదీసి అడగొద్దు. ఒకరోజు మీరే వెంట నడవండి, వేరే దారుంటే కొన్నాళ్లు ఆ దారిన పంపండి. తోటలోకి బలవంతాన లాక్కెళ్లి భయం పోగొడతామని మగవాళ్లెవరైనా అంటే ఒప్పుకోవద్దు.

పక్క తడపడం గురించి: ఆరు నెలలకు పైగా ఆగిపోయి మళ్లీ మొదలైతే దాని వెనుక దిగులే ఉండవచ్చు, కానీ ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్, షుగర్, మలబద్ధకం ఇవి చూడాలి. పీహెచ్‌సీలో అడగండి. దుప్పటి తనే పెరట్లోకి తీసుకెళ్తున్నాడంటే సిగ్గు ఎంతుందో చూడండి. పక్కనే ఉతికిన దుప్పటి ఒకటి పెట్టి ఉంచండి, కింద రబ్బరు షీటు వేయండి, ఆ మాట ఎత్తొద్దు. ముఖ్యంగా మీ అత్తగారి నోటి నుంచి వీధిలోకి పోకూడదు.

మాట్లాడేవాళ్లు కావాలన్నారు కదా, ఈ రాత్రికే కావాలంటే 14416 ఉంది. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. పిల్లాడి కోసమే కాదు, మీ కోసం కూడా చేయండి. మనిషికి చూపించాలంటే కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. పిచ్చి ఆసుపత్రి అని ఇంట్లో గొడవ చేస్తారు. పిల్లల డాక్టర్‌కి చూపిస్తున్నామని చెప్పి తీసుకెళ్లండి, అది అబద్ధం కూడా కాదు.

డబ్బు సంగతి. మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ ఉంది, ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. తండ్రి పోయి తల్లి ఒంటరైన పిల్లలకి వర్తిస్తుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. మీ దగ్గర చిక్కు అక్కడే వస్తుంది. కువైట్ జీతం ఎంత అని అడుగుతారు. దాచొద్దు, అప్పు కాగితాలు, ఆసుపత్రి బిల్లులు కూడా పట్టుకెళ్లి చూపించండి. ఒకరు కాదంటే కమిటీ ముందు చెప్పుకోండి. మంజూరుకి నెలలు పట్టవచ్చు, దాన్ని నమ్ముకుని ఇంకో అప్పు మాత్రం చేయకండి.

కువైట్ నుంచి వచ్చేశాను:

అక్కా, మీ చెల్లి కోసం రాస్తున్నాను. మాది సఖినేటిపల్లి. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. పని అయ్యి తను గదిలోకి వచ్చేసరికి పది అయితే, ఇక్కడ పన్నెండున్నర. నిద్రలోంచి లేపి ఫోన్ చేతికిస్తే ఏ పిల్లాడు మాట్లాడతాడు? 2015లో వచ్చిన అక్కడి ఇంటిపని చట్టంలో వారానికి ఒకరోజు సెలవు ఉంది. అందరి ఇళ్లలోనూ ఇవ్వరు. ఇస్తే మాత్రం ఆ రోజు, ఒకే టైముకి చేయమనండి. మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. బాబు తనకి ఇష్టమైనప్పుడు వింటాడు, వినలేదని అడగొద్దు.

బాగున్నావా, తిన్నావా, చదువుతున్నావా అని ఈ మూడే అడిగితే పిల్లలకి విసుగు. తను ఆ రోజు ఏం వండిందో, ఆ ఇంటి పిల్లలు ఏం అల్లరి చేశారో చెప్పమనండి. మా అమ్మాయి మా పిల్లి ఫొటోలు పంపేది, నేను దానికి పేర్లు పెట్టేదాన్ని. ఆ పిల్లి లేకపోతే మా ఇద్దరికీ మాటలుండేవి కావు. ఇంకోటి, వచ్చే నెల వచ్చేస్తా అని ఊరికే అనొద్దనండి. పిల్లలు క్యాలెండర్ చూసుకుంటారు.

రాజోలు దొడ్డమ్మ:

అందరికీ పేరు పేరునా థాంక్స్ అండి. నిన్న బాబు వెనకాలే నడిచాను. మీరు చెప్పినట్టే, కాలవ వంతెన దాటాక తోట మొదలవుతుంది, దానికి ఇవతలే ఆగిపోయాడు. నేనేమీ అడగలేదు. మా ఆయనకి చెప్తే అవతలి గట్టు మీంచి సైకిల్ మీద దింపుతానన్నాడు. చుట్టు దారే, అక్కడా చెట్లున్నాయి గానీ రోడ్డు వెడల్పు. మూత్ర పరీక్షకి రేపు వెళ్తాం. పక్క తడపడం అలాగే ఉంది.

1098కి చేశాను, ఇంటికి వచ్చి చూస్తామన్నారు. ఆఫీసర్లు వీధిలోకి వస్తే పరువు పోతుందని మా అత్తగారు అన్నం మానేసి కూర్చున్నారు. ఇంకో డౌటు. చెల్లి ఇక్కడ లేదు కదా, స్పాన్సర్‌షిప్‌కి దరఖాస్తు నేను పెట్టవచ్చా?

పాత ఫీల్డ్ వర్కర్, అమలాపురం:

పెట్టవచ్చమ్మా, పిల్లలు మీ దగ్గరే ఉంటున్నారని తేలాలి. పిల్లల్ని మీకు అప్పగించి వెళ్లానని చెల్లి చేత ఉత్తరం రాయించి, సంతకంతో ఫొటో తీసి పంపమనండి. మరిది గారి మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆదాయ పత్రం దగ్గర పెట్టుకోండి. సచివాలయంలో ఏది ఆలస్యమవుతుందో ముందే కనుక్కుని దాంతో మొదలెట్టండి, మామూలుగా ఆదాయ పత్రమే. డబ్బు పిల్లల పేరు మీద ఖాతాకే పడుతుంది కాబట్టి ఖాతాలు తెరిచి ఉంచండి.

మీ అత్తగారికి చెప్పండి, జీపులో పోలీసులు రారు. ఒక అమ్మాయో అబ్బాయో బ్యాగు తగిలించుకుని బండి మీద వస్తారు. వాళ్లని ముందు ఆవిడ దగ్గరే కూర్చోబెట్టండి, ఇంటికి పెద్దావిడ కదా, మాట్లాడనివ్వండి. దరఖాస్తు ఇచ్చాక అందినట్టు సంతకం చేసిన కాపీ అడిగి తీసుకోవడం మర్చిపోవద్దు. తర్వాత మాకేమీ రాలేదంటారు.