బజ్జీలు మానేశా, స్వీట్లు మానేశా, బీపీ మాత్రం దిగట్లేదు. కర్రీ పాయింట్ కూరల వల్లేనా?

ఒంగోలు గిత్త (ప్రస్తుతం బెజవాడ)

అందరికీ నమస్తే. నా వయసు 44. ఏడాదిన్నర క్రితం బదిలీ మీద విజయవాడ వచ్చా. పాప టెన్త్ కాబట్టి మా ఆవిడా పిల్లా ఒంగోల్లోనే ఉండిపోయారు. సత్యనారాయణపురంలో సింగిల్ రూము. పొద్దున ఇడ్లీ బండి, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీను. రాత్రికి కుక్కర్లో గ్లాసుడు బియ్యం పడేసి కింద కర్రీ పాయింట్‌కి వెళ్తా. పప్పు 30, వేపుడు 40, సాంబారు 20, రోటి పచ్చడి 20. నూట పదికి రాజభోజనం అనుకునేవాణ్ణి.

రెండు నెలల క్రితం ఆఫీసులో హెల్త్ క్యాంప్ పెడితే బీపీ 152/98 వచ్చింది. వారం తర్వాత బయట చూపించినా దాదాపు అంతే. డాక్టరు గారు టెల్మిసార్టన్ రాసి "ఉప్పు తగ్గించండి" అన్నారు. మాత్ర వేసుకుంటున్నా ఇంకా 144 దగ్గరే ఉంది. నా రూములో అసలు ఉప్పు డబ్బానే లేదండీ! బజ్జీలు మానేసి నెలన్నర, స్వీట్లు ముందునుంచీ తక్కువే, ఆవకాయ ఆదివారం ఒక్కపూట. కర్రీ పాయింట్‌లో కూడా మసాలా కూరల జోలికి పోను, పప్పే తీసుకుంటా. పప్పు మంచిదే కదా? ఇంకేం తగ్గించాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గరిటె వదిలినవాడు

సార్, నేను గుంటూరులో ఆరేళ్లు కర్రీ పాయింట్ నడిపి మూసేసినవాణ్ణి. మీ రూములో ఉప్పు డబ్బా లేదంటే నవ్వొచ్చింది, ఏమీ అనుకోవద్దు. మీ ఉప్పు డబ్బా మా దగ్గరుంటది.

నా లెక్క చెప్తా. వండి దించిన పది కిలోల పప్పుకి 160 గ్రాముల ఉప్పు వేసేవాణ్ణి. మీ కవర్లో 150 గ్రాముల పప్పు ఉందనుకోండి, దగ్గర దగ్గర రెండున్నర గ్రాముల ఉప్పు వచ్చేసినట్టే. సాంబారు లీటరుకి 12 గ్రాములు, మీ పావు లీటర్లో మూడు. వేపుట్లో ఇంకో రెండు. రోటి పచ్చడి 50 గ్రాములే అనుకున్నా ఒకటిన్నర. అంతా కలిపి తొమ్మిది గ్రాములు, అదీ రాత్రి ఒక్కపూట. రోజు మొత్తానికి ఐదు దాటొద్దంటది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూశారూ, వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లోనూ అదే మాట. ఇడ్లీ బండి చట్నీ, మీ క్యాంటీను ఇందులో కలపలేదు.

మరి అంతెందుకు వేశావయ్యా అంటారు. మీరు కొనేది కొంచెం కూర, కలుపుకునేది కుక్కరు నిండా అన్నం. అన్నానికి ఉప్పుండదు కదా, ఆ చప్పదనం కూడా కూరే మోయాలి. మొదట్లో మా ఇంట్లో తిన్నట్టే వండా. "చప్పగా ఉంది బాబాయ్" అని నాలుగు రోజుల్లో సగం మంది పక్క పాయింటుకి పోయారు. ఐదోరోజు నుంచి గరిటె మార్చా. ఇంకోటి, పదింటికి దించిన కూర రాత్రి తొమ్మిదిదాకా నిలవాలి. ఫ్రిజ్జు లేదు, ఎండాకాలం గుంటూరు సంగతి మీకు తెలిసిందే. ఉప్పూ చింతపండూ నూనే గట్టిగా పడకపోతే సాయంత్రానికి వాసనొచ్చుద్ది.

వేపుడు గురించి కూడా చెప్పాలి. పొద్దున పునుగులేసిన పామోలిన్ పారబోసేవాళ్లం కాదు. మధ్యాహ్నం బెండకాయ అందులోనే వేగేది, తగ్గితే పైన కొత్త నూనె పోసేవాళ్లం. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే పారెయ్యాలని 2018 నుంచి రూలుంది. ఆరేళ్లలో మా మూకుడు దగ్గరికి మీటరు పట్టుకొచ్చిన మనిషిని నేను చూడలా. నురగ తెగకుండా వస్తే అప్పుడు మార్చేవాళ్లం, అదే మా మీటరు. మీరు బజ్జీ మానేశారు సరే, బజ్జీ నూనె మాత్రం ఇంకా తింటున్నారు.

చేసిన పని చెప్పుకోడానికి సిగ్గేం లేదు. మా ఇంట్లోవాళ్లకి మాత్రం ఆ వేపుడు పెట్టేవాణ్ణి కాదు, సిగ్గు అక్కడే.

గుత్తి వంకాయ

అన్నీ మానేస్తే ఇక బతకడం దేనికి బ్రదర్ 😀 సైంధవ లవణం వాడమనండి, బీపీకి మంచిదంట.

శ్రీకాకుళం అక్క

గుత్తి వంకాయ గారూ, సైంధవ లవణమైనా సముద్రపు ఉప్పైనా ఎక్కువ భాగం సోడియం క్లోరైడే. రంగు చూసి మోసపోవద్దు. నేను ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని, పళ్లెం ముందు పెట్టుకుని ఇదే మాట రోజూ చెప్తుంటాను.

తమ్ముడూ, నీకు ముఖ్యంగా చెప్పేది ఒకటి. "లో సోడియం" ఉప్పని షాపుల్లో దొరుకుతోంది. అందులో సోడియం కొంత తీసి పొటాషియం కలుపుతారు. నువ్వు వేసుకునే టెల్మిసార్టన్ ఒంట్లో పొటాషియంని నిలబెట్టే మందు. కిడ్నీలో తేడా ఉన్నా, ఈ రకం మాత్రలు వాడుతున్నా ఆ ఉప్పు డాక్టర్ని అడగకుండా కొనకూడదు. బీపీ తగ్గింది కదా అని మాత్ర నీ అంతట నువ్వు ఆపొద్దు కూడా.

ఉప్పు ఉప్పు రూపంలోనే రాదు. వంటసోడాలో సోడియం, టేస్టింగ్ సాల్ట్‌లో సోడియం, అప్పడాల పిండిలో కలిపే క్షారంలో సోడియం. ప్యాకెట్ మసాలా మజ్జిగ చలవ అని తాగేస్తాం, దాని వెనకాల చదవం. సోడియం ఎన్ని మిల్లీగ్రాములని రాసుంటుందో దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 400 అని ఉంటే ఒక గ్రాము ఉప్పు.

ఇంట్లో వండుకునేవాళ్లు చూసుకోడానికి నేను చెప్పే చిట్కా ఇదీ: నలుగురున్న ఇంటికి నెలకి 600 గ్రాముల ఉప్పు. కిలో ప్యాకెట్ ఇరవై రోజులకే అయిపోతోందంటే, ఊరగాయలు లెక్కలోకి రాకముందే చెయ్యి దాటిందన్నమాట.

నీ సంగతికొస్తే కుక్కర్ ఎలాగూ పెడుతున్నావు. బియ్యం గిన్నె మీద ఇంకో గిన్నెలో పిడికెడు పెసరపప్పు, సొరకాయ ముక్కలో తోటకూరో పడెయ్. దించాక చిటికెడు ఉప్పు, నిమ్మకాయ, జీలకర్ర పోపు. పులుపు తగిలితే ఉప్పు తక్కువైనట్టు తెలియదు. మొదటి పది రోజులు నాలుక ఏడుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఒంగోలు గిత్త (ప్రస్తుతం బెజవాడ)

ఆలస్యంగా రాస్తున్నా, మన్నించండి. అక్క చెప్పినట్టు మూడు వారాలుగా పెసరపప్పూ సొరకాయే. మొదటివారం నిజంగానే ఏడుపొచ్చింది, ఆసుపత్రి తిండిలా ఉంది. ఇప్పుడు ఫర్వాలేదు. మొన్న ఆదివారం 134/86. మాత్ర వల్లో సొరకాయ వల్లో తెలీదు. లో సోడియం ఉప్పు ప్యాకెట్ అప్పటికే కొనేశా, విప్పకుండా షాపులో తిరిగిచ్చేశా.

ఇంకో ముచ్చట. నిన్న పాయింటు ముందునుంచి వెళ్తుంటే అక్కడి కుర్రాడు "ఏం సార్, ఊరెళ్లారా?" అనడిగాడు. ఏం చెప్పాలో తోచక పెరుగు ప్యాకెట్ కొనుక్కొచ్చా. పప్పు గిన్నె వైపు చూస్తే పైన నూనె మెరుస్తోంది. ఏడాదిన్నర చూశా, ఒక్కరోజూ కనపడలేదు నాకది.

గరిటె అన్నా, ఒక్క ప్రశ్న. కందిపప్పు తొందరగా ఉడకడానికి సోడా వేసేవారా?

గరిటె వదిలినవాడు

గ్యాస్ బండ అయిపోవచ్చిన రోజుల్లో వేసేవాళ్లం. శనగల కూరకైతే రోజూ.