అప్‌డేట్: ఏడింటికి ఇల్లు చేరాక వంట

ఇద్దరం ఉద్యోగాలు చేసి ఏడింటికి ఇల్లు చేరుతున్నాం, ఎనిమిదిలోపు పిల్లలకు వేడివేడిగా పెట్టాలంటే ఈ ఎండాకాలం ఏం వండాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది మామిడికాయ పప్పు. గుంటూరు అక్కయ్య ఒకరు చెప్పినట్టు, పొద్దున్నే కందిపప్పు కడిగి నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకు వెళ్తున్నా. సాయంత్రానికి బాగా నాని ఉంటుంది కాబట్టి మూడు విజిల్స్‌కే మెత్తబడుతుంది. మామిడి ముక్కలు మాత్రం పప్పులో కలిపి పెట్టకూడదు. పులుపు తగిలితే పప్పు తొందరగా ఉడకదు. అందుకే కుక్కర్‌లోనే చిన్న గిన్నెలో విడిగా ఉడికించి, చివర్లో కలిపి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువతో పోపు పెడుతున్నా. పోపు చిటపటలాడగానే మా చిన్నాడు కంచం పట్టుకుని వచ్చేస్తాడు!

బీరకాయలు ఆదివారం పటమట రైతు బజార్‌లో తెస్తున్నాం. లేతవైతే నీళ్లు పోయక్కర్లేదు, ఉప్పు వేసి మూత పెడితే వాటి నీళ్లతోనే మగ్గిపోతాయి. చెక్కు పారేయకుండా పచ్చిమిర్చితో వేయించి, చింతపండు వేసి పచ్చడి చేస్తే మర్నాడు బాక్సుల్లోకి సరిపోతుంది. తోటకూర తెచ్చిన రోజే వండేస్తున్నా.

పప్పు, కూర, పచ్చడి అన్నీ ఉండాల్సిందేననే మా అత్తయ్యగారు కూడా "పప్పు, వడియాలు చాలమ్మా, అలసిపోయి వచ్చావు" అంటున్నారు.

వానలు మొదలయ్యాక గోంగూరతో తొందరగా అయ్యేవి ఏమైనా ఉంటే చెప్పండి.