మోదుగ పూతను ఇంకులో గీయడం: నందలాల్ బోస్ కార్డుల దారిలో

కుంచెగీత:
బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ పోస్టుకార్డుల మీద గీసిన చెట్లు చూసి, పూత ఉండగానే మోదుగ ఎదురుగా కూర్చుని గీస్తున్నాను. నేపాలీ కాగితం, సీసా ఇండియన్ ఇంకు, 6వ నంబరు గుండ్రటి కుంచె. ప్రతి గీతా పాకుతోంది. కార్డు మీద పాకదు కానీ పూలు ముద్దలవుతున్నాయి. తప్పెక్కడ?

సానరాయి:
పాకడం కాగితం గుణం. జిగురు పూత లేని నేపాలీ కాగితం ఇంకును తాగేస్తుంది. 200 మి.లీ. నీళ్లలో 4 గ్రాముల జెలటిన్ అరగంట నానబెట్టి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించండి. మరగనిస్తే జిగురు సత్తువ పోతుంది. 1 గ్రాము పటిక పొడి కలిపి, గోరువెచ్చగా ఉండగానే వెడల్పు కుంచెతో ఒక్కసారి పూసి, ఒక రోజు ఆరనివ్వండి. పటిక ఎక్కువైతే కాగితం కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది.

ఆ సీసా ఇంకు కూడా మానేయండి. నీటికి చెదరని రకాల్లో లక్క ఉంటుంది, కుంచె మొదట్లో గడ్డకట్టి మొన విచ్చుకుంటుంది. ఇంకు కడ్డీ (గట్టి కడ్డీగా దొరికే ఇంకు) తెచ్చుకుని, సాన మీద అర చెంచా నీళ్లతో గంధం తీసినట్టు పది నిమిషాలు అరగదీయండి. గట్టిగా నొక్కితే రేణువులు మోటుగా వస్తాయి. రాత్రి మిగిలింది పారబోయండి, అందులోని జిగురు కుళ్లుతుంది.

రాళ్లగుట్ట:
పూలు ముద్దవడం మాత్రం చేతి తప్పేనండీ. మోదుగ పువ్వు అడుగున ముదురు మఖమల్ గిన్నె, పైన చిలకముక్కులా వంగిన రేకు. ముందు రేకులు పలచటి ఇంకుతో, మొదలు నుంచి కొసకు, రేకుకొక్క విసురు. ఆరాకే గిన్నెలకు చిక్కటి చుక్కలు. తడి మీద పెట్టారో, నలుపు రేకుల్లోకి దిగిపోతుంది. కొమ్మ ఆఖరున, పూల సందుల్లోంచి. మోదుగ కొమ్మ తిన్నగా పోదు, వంపు వంపుకీ కుంచె ఆపి దారి మార్చండి.

శాంతినికేతన్ వసంతంలో కనిపించే పలాశం మన మోదుగే. బోస్ 1922 నుంచి 1951 దాకా అక్కడి చిత్రకళా పాఠశాల కళాభవన్‌ను నడిపారు. 1924లో ఠాగూర్‌తో చైనా, జపాన్ వెళ్లారు. ఆ దేశాల ఇంకుపని ఛాయ ఈ కార్డుల్లో తెలుస్తుంది.

తాటిమట్ట:
బోస్ శిష్యుడు మన ఉమ్మడి వరంగల్ జిల్లా చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు. దక్కన్ రాళ్లు గీశారు, దొరికితే చూడండి. రాయి గరుకు కావాలంటే కుంచెను గుడ్డ మీద ఒత్తి, తడి తీసేసి, పక్కవాటుగా ఈడ్చాలి.

ఒక్కటి మరిచారు: ఎండలో కూర్చుంటే సాన మీది ఇంకు త్వరగా చిక్కబడుతుంది. చుక్క చుక్క నీళ్లు వేస్తుండండి, లేకపోతే మొదటి రేకు ఛాయ పదో రేకుకు రాదు.