ఎడ్ల బండలాగుడు పోటీలు: ఆపాలా, ఉంచాలా?

పటమట వాసి
మొన్న సంక్రాంతికి మా మేనమామ వాళ్ల ఊళ్లో (గుంటూరు జిల్లా, ఊరి పేరెందుకులెండి) బండలాగుడు పోటీలు చూశాను (ఎడ్ల జత పెద్ద రాతిబండను ఇచ్చిన టైములో ఎంత దూరం లాగుతుందో చూసేవి). చిన్నప్పుడు భుజాలెక్కి చూడటం వేరు, ఇప్పుడు మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడటం వేరు. టైము దగ్గరపడిందని మైకులో అరవగానే జత వెంట పరుగెత్తే మనుషులంతా చెర్నాకోలలు ఝళిపించారు. ఒకాయన తోక పట్టి మెలిపెట్టాడు. జనం ఈలలు. మా మామయ్య ఆ కమిటీలోనే ఉన్నాడు. ఇది హింస కాదా మావయ్యా అంటే, "వాటికి పెట్టే తిండి నువ్వు నీ పిల్లకి పెడుతున్నావట్రా" అన్నాడు. ఉగాదికి మళ్లీ పెడతారట. సూటిగా అడుగుతున్నా. ఈ పోటీలు ఆపేయాలా, ఉండాలా? ఉంటే ఎట్లా ఉండాలి?

కృష్ణలంక కుర్రోడు
ఆపేయాలి. ఇందులో చర్చేముంది? 2014లోనే సుప్రీంకోర్టు ఆపమంది. పోలీసులు కళ్లు మూసుకున్నారు, నాయకులొచ్చి రిబ్బన్లు కోస్తున్నారు. అంతే.

బ్రాడీపేట ప్లీడరు
తమ్ముడు చెప్పింది సగమే. 2014 మే 7న నాగరాజ కేసులో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పరుగులు చట్టవిరుద్ధమన్నది నిజం. దానికి ఆధారం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, ఆపైన ఎడ్లను ప్రదర్శనలకు వాడకూడదంటూ 2011లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఎవరికి వారు చట్టాన్ని సవరించుకుని రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకున్నాయి. 2023 మే 18న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది. ఆ సవరణలు జల్లికట్టువి, కంబళవి (కర్ణాటకలో బురదలో దున్నల పరుగు), బండి పరుగులవి. వాటిని చూపించి మన బండలాగుడుకు కూడా అనుమతి వచ్చేసిందని ఊళ్లలో ప్రచారం చేసుకుంటున్నారు. రాలేదు.

ఇక శిక్ష సంగతి. ఆ 1960 చట్టం సెక్షన్ 11 ప్రకారం పశువును కొట్టడం, తన్నడం, మోయలేనంత బరువు వేయడం, అనవసరంగా బాధ పెట్టడం నేరాలే. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 25 నుంచి 100 రూపాయలు, లేదంటే మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కడానికి కూడా చాలని జరిమానా ఇది. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా పడొచ్చు గానీ, చెర్నాకోల వాతలకు అది అతకదు.

అదే సెక్షన్ 11లో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. విత్తు కొట్టడం, కొమ్ములు తీయడం, గుర్తు కోసం కాల్చి వాతలు వేయడం, ముకుతాడు కుట్టడం, ఇవన్నీ నిర్ణీత పద్ధతిలో చేస్తే నేరం కాదు. నొప్పి లేదని కాదు, సేద్యానికి ఆ నొప్పి తప్పదని చట్టం ఒప్పుకుంది. కాబట్టి తేలాల్సింది ఒకటే, పోటీ మనకు తప్పనిసరా?

పల్నాటి రైతు
ప్లీడరుగారూ, సెక్షన్లు బాగానే చెప్పారు. ఎప్పుడన్నా గిత్తని సాకారా అయ్యా? మా ఇంట్లో జతకి ఉలవలు ఉడికినాకే మాకు అన్నం పొయ్యెక్కేది. దానికి జొరం వస్తే రాత్రంతా కొట్టంలోనే పడుకుంటా.

ట్రాక్టరొచ్చినాక ఎద్దుకి పొలంలో పనేడుంది? పాలియ్యదు, దున్నే పని లేదు. కోడెదూడ పుడితే సంతలో బేరగాడికి పోద్ది, ఆణ్ణించి ఏడకి పోద్దో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ పోటీలు ఉండబట్టే ఒంగోలు కోడెకి రేటుంది, కుర్రాళ్లు మేపుతన్నారు. మీరు పోటీ ఆపినంత మాత్రాన గిత్త సుఖంగా ఉంటదనుకోబాకండి, లారీ ఎక్కుద్ది.

కోడిపందేలతో మాత్రం కలపబాకండి. ఆడ కాలికి కత్తి కట్టి వదుల్తారు. ఈడ ఎద్దు సాయంత్రానికి ఇంటికొచ్చి మేత మేస్తది.

వన్‌టౌన్ బాబాయ్
బందరు రోడ్డు మీద నిలబడండి ఒక పూట. కోళ్ల కాళ్లు కట్టి మోటార్‌సైకిల్‌కి తలకిందులుగా గుత్తులు గుత్తులుగా వేలాడదీసుకుపోతుంటారు. అదీ సెక్షన్ 11 కిందకే వస్తుంది. ఒక్కరన్నా ఆపారా? మధ్యాహ్నం బిర్యానీ తిని సాయంత్రం ఎద్దు మీద జాలి!

కృష్ణలంక కుర్రోడు
బాబాయ్, కోళ్ల సంగతి తప్పే. దానికీ ఒక చర్చ పెట్టు, వచ్చి నీ వైపే మాట్లాడతా. రెండు తప్పులున్నాయని రెండూ వదిలేద్దామా?

గన్నవరం పశువుల డాక్టర్
గన్నవరం కాలేజీలో చదివాను, పోటీల దగ్గర వైద్యం చేశాను. కాబట్టి రెండు వైపులా తిట్లు తినడానికి సిద్ధం.

రైతన్నకు ముందు. జాతి నిలబడుతోందన్న మాట పూర్తిగా ఒప్పుకోలేను. కోడెదూడకు గిరాకీ పెరిగిన మాట వాస్తవం. కానీ జాతి నిలబడేది బరిలో కాదు, ఆవు కట్టినప్పుడు. గెలిచిన గిత్త వీర్యం సేకరించి చుట్టుపక్కల ఒంగోలు ఆవులకు వేయించే కమిటీ ఉంటే చెప్పండి, వచ్చి దణ్ణం పెడతాను. విత్తు కొట్టిన ఎద్దు ఎన్ని కప్పులు గెలిచినా దాని వంశం దానితోనే సరి. గుంటూరు పక్కనే లాం ఫారం ఉంది, ఒంగోలు జాతి మీద అక్కడ పని జరుగుతోంది. ఇదే జాతి బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరుతోనే కోట్లలో పెరిగింది, అక్కడ బండలాగుడు లేదు. (మాంసానికి పెంచుతారు లెండి. ఆ మాట మీరు అనకముందే నేనే అంటున్నా.)

ఇప్పుడు కుర్రాడికి. బరువు లాగడమే హింస అనడం కూడా తప్పు. మేపి, అలవాటు చేసిన జతకు లాగడం పని. మూపురం, గంగడోలు, వదులు చర్మం, ఎక్కువ చెమట గ్రంథులు, వీటివల్ల ఒంగోలు పశువు సీమ (విదేశీ) ఆవు కన్నా ఎండకు తట్టుకుంటుంది. హింస మొదలయ్యేది అది ఆగిన చోట. ఎద్దు ఊరికే ఆగదు. కండరం పట్టేసి ఉంటుంది, గిట్టల సందున రాయి ఇరుక్కుని ఉంటుంది, ఒళ్లు వేడెక్కి ఉంటుంది. మామూలుగా పశువు ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. నోరు తెరిచి రొప్పుతూ, నాలుక చాపి చొంగ కారుస్తోందంటే ఇక వల్ల కాదని. సరిగ్గా అప్పుడే చెర్నాకోల లేస్తుంది, ఎందుకంటే అప్పుడే మైకులో టైము చెబుతారు.

తోక గురించి కూడా వినండి. అది తాడు కాదు, వెన్నుపూసల వరుసే అక్కడిదాకా వస్తుంది. మెలిపెడితే విరుగుతుంది. తోక వంకరపోయి ఈగలు తోలుకోలేని ఎడ్లకు నేనే కట్లు కట్టాను.

1965 నుంచీ లాగుడు పశువుల నిబంధనలు ఉన్నాయి. ముల్లున్న కర్ర వాడకూడదు. రోజుకు 9 గంటలు, ఏకబిగిన 5 గంటలు మించకూడదు. ఎండ 37 డిగ్రీల సెల్సియస్ దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. ఉగాది నాటికి మన ఎండలెట్లా ఉంటాయో, పోటీలు ఏ వేళకు ముదురుతాయో మీకు తెలియంది కాదు.

పల్నాటి రైతు
డాక్టరుగారూ, వీర్యం మాట బాగుంది. మా వైపు విత్తు కొట్టకుండా దింపే గిత్తలు ఉన్నాయి, అడిగి చూస్తా. తోక మెలిపెట్టేవాడు నా జత దగ్గరికొస్తే వాడి చెయ్యి మెలిపెడతా. కానీ చెర్నాకోల లేకుండా లాగమంటే ఎట్టా?

లబ్బీపేట టీచరమ్మ
నేను పిల్లల వైపు నుంచి మాట్లాడతాను.

కుక్కపిల్లను రాళ్లతో కొట్టే పిల్లవాణ్ణి చూస్తే మనకు భయం వేస్తుంది, వెయ్యాలి కూడా. అమెరికా మానసిక వైద్యులు 1987లోనే జంతువులను హింసించడాన్ని పిల్లల ప్రవర్తనా లోపాల లక్షణాల్లో చేర్చారు. అలాంటి పిల్లవాడికి తిట్లకన్నా ముందు కావలసింది, వాడి ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కునే మనిషి. వాణ్ణి ఎవరు కొడుతున్నారో చూడాలి. మా బళ్లో ఈ పని చేయబట్టి చెబుతున్నా.

కానీ బరిలో జరిగేది ఆ జాతి క్రూరత్వం కాదు. అక్కడ ఎద్దును ద్వేషించేవాడు ఒక్కడూ లేడు. పొద్దున పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి తెచ్చిన చేతులే మధ్యాహ్నం కొడతాయి. ఈ రైతన్న కొట్టంలో పడుకున్నాడంటే నమ్ముతాను. ప్రేమ ఉన్నచోట దెబ్బ ఉండదని మనం అనుకుంటాం గనక, కొట్టేవాడు రాక్షసుడని పట్నంవాళ్లూ, ప్రేమించేవాడు కొట్టినా హింస కాదని పల్లెవాళ్లూ అంటున్నారు. మా నాన్నగారు మా కోసం ప్రాణం పెట్టేవారు, ఎక్కాలు తప్పితే బెత్తం విరిగేదాకా కొట్టేవారు. రెండూ నిజమే.

అందుకని "జాలి చూపండి" అని బోర్డులు పెడితే ఏమీ కాదు. జాలి వాళ్లకు ఉంది. ఆ ఆఖరి నిమిషాల్లో చెయ్యి ఎందుకు లేస్తోందో చూడండి. నాలుగడుగులు ఎక్కువ లాగితే బహుమతి, తక్కువైతే ఊరి ముందు పరువు. గడియారం తిరుగుతూ ఉంటుంది. ఆ లెక్క మార్చకుండా మనసు మార్చబోతే ఎవరి మనసూ మారదు. దెబ్బ కొట్టినప్పుడల్లా లాగిన దూరంలోంచి అడుగులు కోయండి. తోక ముట్టుకుంటే జత ఔట్. అప్పుడు కొట్టొద్దని పరుగెత్తేవాళ్లను యజమానే అరుస్తాడు.

కృష్ణలంక కుర్రోడు
టీచర్‌గారూ, గౌరవంతోనే అంటున్నా. ఇది దెబ్బకు రేటు కట్టడం. పది అడుగులు పోతే పోనీ, ఇంకో ఇరవై వస్తాయనుకుంటే కొట్టేస్తారుగా? ఈ ఎద్దుల్ని ఎవరూ అడగలేదు పోటీకి వస్తారా అని.

లబ్బీపేట టీచరమ్మ
కోత రాబడి కన్నా ఎప్పుడూ ఎక్కువ ఉండేట్టు పెట్టాలి, అది నిజం. ఎద్దును అడగలేదన్నదానికి నా దగ్గర జవాబు లేదు. నాగలికి కట్టినప్పుడూ అడగలేదు.

బ్రాడీపేట ప్లీడరు
టీచర్‌గారి పద్ధతిలో ఒక చిక్కు. నియమాలు పెట్టినంత మాత్రాన పోటీ చట్టబద్ధం కాదు. తమిళనాడులో జల్లికట్టుకు ముందు పశువైద్య పరీక్ష తప్పనిసరి చేశారు, కానీ అది చట్టం సవరించాక. ఇక్కడ సవరణ లేకుండా సొంత నియమాలు రాసుకుంటే కేసు పడినప్పుడు అవి కాపాడవు. అయినా ఎద్దు ఒంటి మీద దెబ్బలు తగ్గుతాయంటే నేను అడ్డం చెప్పను. ప్లీడరుగా కాదు, మనిషిగా.

కమిటీ మెంబరు
ఈ చర్చ మొదలెట్టినవాడు మా మేనల్లుడే, పేరు మార్చుకుంటే గుర్తుపట్టలేననుకున్నాడు. సరే.

నేను చెప్పేది వినండి. ముల్లుగర్ర తీసేయడం తేలిక, తీసేస్తాం. తోక ముడితే ఔట్ అనడం కూడా కుదురుద్ది. చెర్నాకోల దగ్గరే తంటా. మేమొక్కళ్లమే తీసేస్తే పెద్ద జతలు పక్క ఊరి పోటీకి పోతాయి. జతలు రాకపోతే జనం రారు, బహుమతి ఇచ్చే దాతలు రారు. పైగా దెబ్బలు లెక్కపెట్టేది ఎవరు? రెఫరీ ఒకటంటే యజమాని ఒకటంటాడు, ఇద్దరి వెనకా పార్టీలుంటాయి, సాయంత్రానికి స్టేషన్లో తేలతాం. అసలు రోగం ఇంకోటుంది, ఇక్కడ ఎవరూ దాని మాటెత్తలేదు. పైపందేలు. బరిలో యజమాని ఆపుదామనుకున్నా బయట డబ్బు కాసినోళ్లు ఆపనివ్వరు. "కొట్టరా కొట్టు" అనేది వాళ్లే.

పటమట వాసి
దొరికిపోయాను మావయ్యా. సెల్‌ఫోన్లలో ఎట్లాగూ అందరూ వీడియో తీస్తున్నారు. కమిటీ తరఫున ఒక కెమెరా పెడితే దెబ్బల లెక్కకు గొడవ ఉండదు.

పల్నాటి రైతు
పక్క ఊరి కమిటీ కూడా ఒప్పుకుంటే చెర్నాకోల లేకుండా నా జతని ముందు నేనే దింపుతా. ఒప్పుకోకపోతే మాత్రం నన్నొక్కణ్ణే ఆపబాకండి.

కృష్ణలంక కుర్రోడు
ఉగాది రోజు నేను వస్తాను. చూడ్డానికి కాదు, లెక్కపెట్టడానికి. నా అభిప్రాయం మారలేదు, ఆపేయాలనే అంటున్నా.

కమిటీ మెంబరు
రా నాయనా, భోజనం మా ఇంట్లోనే. డాక్టరుగారూ, వచ్చే ఆదివారం మా కమిటీ, పక్క రెండు ఊళ్ల కమిటీలు కలిసి కూర్చుంటన్నాం. బరిలోకి దిగే ముందు, దిగిన తర్వాత ఒంటి వేడి చూడాలంటే ఎంతమంది కావాలో, ఏ వేడి దగ్గర ఆపాలో మీరొచ్చి చెప్పాలి.

గన్నవరం పశువుల డాక్టర్
వస్తాను. రెండు షరతులండీ. ఆపమన్నాక ఆపాలి, ఎవరి జతైనా సరే. మధ్యాహ్నం పోటీ ఉండకూడదు, పొద్దున ఎనిమిదింటికల్లా అయిపోవాలి.

కమిటీ మెంబరు
ఎనిమిదింటికా! జనం అప్పటికి నిద్రే లేవరు. సరే, ముందు రండి, మాట్లాడుకుందాం.