ఎల్‌ఏ వెళ్తున్నాం: డౌన్‌టౌన్‌లో దిగాలా, బీచ్ దగ్గరా, లేక హోటళ్ళు మారాలా?

కొలంబస్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. జూన్ చివర్లో లాస్ ఏంజెలెస్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న. ఐదు రాత్రులు ఉంటాం. యూనివర్సల్ స్టూడియోస్, డిస్నీల్యాండ్, మాలిబు వేంకటేశ్వర స్వామి గుడి, శాంటా మోనికా బీచ్, హాలీవుడ్ అనుకున్నాం. వీలైతే గ్రిఫిత్ అబ్జర్వేటరీ. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేరు. ఏది వదిలేసినా గుడి మాత్రం వదలకూడదని అమ్మ ముందే చెప్పేసింది.

"డౌన్‌టౌన్‌లో హోటల్ తీసుకో బావా, అక్కణ్ణుంచి అన్నీ సమాన దూరమే" అని మా బావమరిది సలహా. మ్యాప్ చూస్తే నిజమే అనిపిస్తోంది. మా ఆవిడకేమో శాంటా మోనికాలో ఉండాలని కోరిక. అక్కడి రేట్లు చూసి నాకు కళ్ళు తిరిగాయి. కారు అద్దెకి తీసుకోవాలా వద్దా అన్నది కూడా ఇంకా తేలలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రైలెక్కే రాజు:
డౌన్‌టౌనే. కారు జోలికి పోకండి.

సెవెంత్ స్ట్రీట్ మెట్రో సెంటర్ స్టేషన్ చుట్టుపక్కల రూమ్ తీసుకోండి. బి లైన్ మెట్రో రైలు ఎక్కితే హాలీవుడ్, యూనివర్సల్ రెండూ దాని మీదే ఉన్నాయి. యూనివర్సల్ స్టేషన్ దగ్గర నుంచి కొండ మీదికి ఫ్రీ షటిల్ ఉంటుంది, నాన్నగారు కొండ నడిచి ఎక్కనక్కర్లేదు. ఇంకో రైలు, E లైన్ ఎక్కితే నేరుగా శాంటా మోనికా. 50 నిమిషాల ప్రయాణం, దిగాక పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దాకా నడిచి వెళ్ళొచ్చు. ట్రాఫిక్‌తో సంబంధం లేదు. టికెట్ 1.75 డాలర్లు. ట్యాప్ కార్డు (ఇక్కడి మెట్రో కార్డు) వాడితే మనిషికి రోజుకి 5 డాలర్లు దాటి కోయరు. ఐదేళ్ళలోపు పాపకి టికెట్టే లేదు. అంటే పెద్దవాళ్ళు నలుగురికీ రోజంతా కలిపి 20 డాలర్లు. డౌన్‌టౌన్ హోటళ్ళలో ఒక్క రాత్రి కారు పెట్టుకోవడానికే 50 అడిగేవి ఉన్నాయి.

అమ్మానాన్నల డ్రైవర్ (టోరెన్స్):
రాజు తమ్ముడూ, స్టూడెంట్ లెక్క వేరు, సంసారి లెక్క వేరు. ట్రాఫిక్‌తో సంబంధం లేదన్నావు. డౌన్‌టౌన్ దాటగానే ఫ్లవర్ స్ట్రీట్ మీద మీ E లైన్ రైలు కార్లతో పాటు రెడ్ సిగ్నల్ పడితే ఆగుతుంది కదా! సరే, అది పక్కన పెడదాం. అమ్మగారు పట్టుబట్టిన గుడి సంగతేంటి? అది కలబాసాస్‌లో, కొండల మధ్య, లాస్ వర్జెనెస్ రోడ్డు మీద ఉంది. అక్కడికి ఏ రైలు పోతుంది? డిస్నీకైతే యూనియన్ స్టేషన్ నుంచి ఆనహైం దాకా రైలుంది, కానీ దిగాక మళ్ళీ ఇంకో బండి చూసుకోవాలి.

కొలంబస్ గారూ, ఉబర్‌తో గడిపేద్దాం అనుకుంటున్నారేమో. మీరు ఐదుగురు. మామూలు ఉబర్‌లో నలుగురే పడతారు, ప్రతిసారీ పెద్ద బండే పిలవాలి. పైగా కాలిఫోర్నియాలో 8 ఏళ్ళలోపు పిల్లల్ని వెనక సీట్లో, పిల్లల కార్ సీటులోనో బూస్టర్ సీటులోనో కూర్చోబెట్టాలి. ఉబర్‌కీ అదే చట్టం. ఆ సీటు చంకన పెట్టుకుని యూనివర్సల్ అంతా తిరుగుతారా? వ్యాన్ అద్దెకి తీసుకుంటే మొదటిరోజు బిగించి వదిలేయొచ్చు.

రైలెక్కే రాజు:
అన్నా, ఆ వ్యాన్‌ని హాలీవుడ్‌లో ఎక్కడ పెడతారో అది కూడా చెప్పు మరి.

అమ్మానాన్నల డ్రైవర్ (టోరెన్స్):
డబ్బులిచ్చి పార్కింగ్ లాట్‌లో. వీధిలో ఖాళీ కనిపించిందని సంబరపడకండి. ఇక్కడ ఒకే స్తంభానికి మూడు, నాలుగు బోర్డులు వేలాడుతుంటాయి. పైన ఎర్ర బోర్డు: మంగళవారం 8 నుంచి 10 వరకు వీధి ఊడుస్తారు, ఆపకూడదు. దాని కింద ఆకుపచ్చది: 2 గంటలు మాత్రమే. ఇంకా కింద: సాయంత్రం 6 దాటితే పర్మిట్ ఉన్నవాళ్ళకే. అన్నీ చదివి, ఈరోజు ఏ వారమో చూసుకుని, బాణం గుర్తు ఎటువైపు ఉందో తేల్చుకునేసరికి వెనకవాడు హారన్ కొడతాడు. ఊడ్చే వేళలో బండి ఉందంటే ఫైన్ 70 డాలర్ల పైమాటే.

అయినా నా ఓటు కారుకే. కానీ డౌన్‌టౌన్ హోటల్‌కి కాదు. కారుండి డౌన్‌టౌన్‌లో దిగడమంత దండగ ఇంకోటి లేదు.

పసడేనా పిన్ని:
మీరిద్దరూ రైలా కారా అని కొట్టుకుంటున్నారు గానీ అసలు తిరకాసు ఆ "సమాన దూరం" దగ్గరుంది. హైదరాబాద్ వచ్చినవాళ్ళు చార్మినార్, రామోజీ ఫిల్మ్ సిటీ, యాదగిరిగుట్ట మూడూ చూడాలని అమీర్‌పేటలో దిగితే ఎలా ఉంటుంది? మ్యాప్‌లో ఊరి మధ్యే. రోజూ రోడ్డు మీదే.

లాస్ ఏంజెలెస్ కౌంటీలో 88 మునిసిపాలిటీలున్నాయి. శాంటా మోనికా, బర్బ్యాంక్, పసడేనా, కలబాసాస్ అన్నీ విడివిడి ఊళ్ళే. డిస్నీ ఉన్న ఆనహైం అయితే ఈ కౌంటీయే కాదు, ఆరెంజ్ కౌంటీ. కాబట్టి మధ్య ఎక్కడ అని వెతక్కండి. మీ లిస్టులో ఏవేవి ఒక వైపు పడుతున్నాయో చూడండి. యూనివర్సల్, హాలీవుడ్, గ్రిఫిత్ పక్కపక్కనే ఉన్నాయి. గుడి కొంచెం దూరమే అయినా అదే 101 ఫ్రీవే పట్టుకుని పడమరకి పోతే వస్తుంది. ఈ నాలుగింటికీ బర్బ్యాంకో, యూనివర్సల్ సిటీ పక్కనో సరిపోతుంది. మిగిలింది డిస్నీ. దానికోసం చివరి రెండు రాత్రులు ఆనహైంకి మారిపోండి. హార్బర్ బులవార్డ్ మీద పార్క్ గేటుకి ఎదురుగా ఉన్న హోటల్ తీసుకుంటే పాప మధ్యాహ్నం నిద్రకి రూముకొచ్చి, సాయంత్రం మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. నాన్నగారికి కూడా నడుం వాల్చే వీలుంటుంది. డిస్నీలో కారు పెట్టే ఖర్చు, 30 డాలర్లకు పైనే, అదీ మిగులుతుంది.

ఇంకో సంగతి. గుడికీ బీచ్‌కీ వేర్వేరు రోజులు పెట్టుకోకండి. ఆదివారం పొద్దున్నే దర్శనం చేసుకుని అదే రోడ్డు మీద ముందుకు పోండి. పేరు మారి మాలిబు కాన్యన్ రోడ్డు అవుతుంది. కొండల మధ్య మలుపులు తిరుగుతూ పోయి, ఒక్కసారిగా సముద్రం ఎదురుగా తేలుతుంది. అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడి ఎడమకి వస్తే శాంటా మోనికా. ఆ రోడ్డు కోసమైనా కారు కావాలంటాను నేను.

ఓరుగల్లు పోరడు (అర్వైన్):
పిన్ని గారు, ప్లాన్ కాగితం మీద మస్తుగుంది. కానీ పెద్దవాళ్ళతో హోటల్ మారడమంటే తెలుసు కదా. మందుల డబ్బా, రైస్ కుక్కర్, ఊరగాయ సీసా, పాప స్ట్రోలర్, ఆరేసిన బట్టలు. పదకొండుకల్లా రూమ్ ఖాళీ చేయాలి, కొత్త రూమ్ మూడింటి దాకా ఇయ్యరు. ఆ నాలుగు గంటలు వ్యాన్ నిండా సామాను పెట్టుకుని ఎక్కడ తిరుగుతరు? బ్యాగులు కనబడేటట్టు పెట్టి బండి దిగితే అద్దం పగలగొట్టేవాళ్ళు కూడా ఉన్నరు.

నేనైతే మొత్తం ఆనహైంలోనే ఉండమంట. ఫ్యామిలీ సూట్లు, చిన్న కిచెన్, పొద్దున టిఫిన్, అన్నీ శాంటా మోనికా రేటులో సగానికి దొరుకుతయ్. పావుగంట, ఇరవై నిమిషాలు పోతే ఆర్టీసియాలో పయనీర్ బులవార్డ్. ఇండియన్ కొట్లు, హోటళ్ళు వరసగా ఉంటయ్, దోసెలకు కొదవలేదు.

పసడేనా పిన్ని:
ఆనహైం నుంచి యూనివర్సల్ 35 మైళ్ళ పైనే బాబూ. ఐ-5 ఫ్రీవే మీద పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి చూడు.

ఓరుగల్లు పోరడు (అర్వైన్):
ఎనిమిదికెందుకు, ఆరింటికి బయల్దేరాలె. గుంటూరు నాన్నగారు నాలుగున్నరకే లేచి కాఫీ అడుగుతరు, మనకు అలారం కూడా అక్కరలేదు.

పసడేనా పిన్ని:
ఆయన లేస్తారు. నాలుగేళ్ళ పాపని లేపేదెవరు? రాత్రి పది దాటాక అంత దూరం వెనక్కి తోలేదెవరు?

ఉప్పుగాలి:
ఇంతమంది ఇంత చెప్పారు, ఆ ఇంటావిడ మాట ఒక్కరూ పట్టించుకోలేదు. శాంటా మోనికా అని ఆమె ఊరికే అనలేదు.

మోకాళ్ళ నొప్పులున్న మనిషిని రెండు థీమ్ పార్కులు తిప్పి ఏం సాధిస్తారు? ఓషన్ అవెన్యూ పక్కన పాలిసేడ్స్ పార్క్ ఉంది. కొండ అంచు మీద నేల చదునుగా ఉంటుంది, బెంచీలుంటాయి, కింద సముద్రం. నాన్నగారు గంటలు గంటలు కూర్చుంటారు. పాపకి పియర్ మీద జెయింట్ వీల్ చాలు. తిండికి, కూరగాయలకి, నడకకి కారు తీయనక్కర్లేదు. డిస్నీ తీసేస్తే నలుగురు పెద్దవాళ్ళకీ పాపకీ ఐదు టికెట్లు మిగులుతాయి (డిస్నీలో మూడేళ్ళు నిండితే టికెట్టే). ఆ డబ్బు హోటల్ మీద పెట్టండి. చూడాల్సిన చోట్ల లిస్టు తగ్గించకుండా ఎక్కడ ఉండాలని ఎంత వాదించుకున్నా ఈ ఊళ్ళో జవాబు దొరకదు.

ఒక్క హెచ్చరిక. జూన్‌లో ఒడ్డున పొద్దుటి పూట మబ్బు పట్టి ఉంటుంది, చాలా రోజులు మధ్యాహ్నానికి గానీ ఎండ రాదు. స్వెటర్ తెచ్చుకోండి.

అమ్మానాన్నల డ్రైవర్ (టోరెన్స్):
డిస్నీ తీసేయమని నాలుగేళ్ళ పాపకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? 😄

మబ్బు సంగతి నిజం. అదే సమయంలో కొండకి అవతల, బర్బ్యాంక్ ఉన్న శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఎండ మండుతుంటుంది. 2020 సెప్టెంబర్ 6న ఆ వ్యాలీలోని వుడ్‌ల్యాండ్ హిల్స్‌లో 121 ఫారెన్‌హీట్ కొట్టింది, మన సెల్సియస్ లెక్కలో 49 దాటింది. గుంటూరు వాళ్ళకి ఎండ కొత్త కాదనుకోండి. అయినా బర్బ్యాంక్ వైపు తీసుకుంటే ఏసీ ఎలా ఉందో రివ్యూలు చదవండి.

కొలంబస్ కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. డిస్నీ తీసే ప్రసక్తి లేదు, పాపకి మాటిచ్చేశాం. పిన్ని గారి ప్లాన్ ఇంట్లో చదివి వినిపించాను. గుడి, బీచ్ ఒకే రోజు అనగానే అమ్మ ఓటు పడిపోయింది. మా ఆవిడ మాత్రం ఉప్పుగాలి గారి పోస్టు రెండుసార్లు చదివింది. ఒక రాత్రైనా సముద్రం పక్కన ఉండాలంటోంది. అంటే మూడు హోటళ్ళు! బావమరిది ఇంకా డౌన్‌టౌన్ అంటూనే ఉన్నాడు. ఇండియా లైసెన్స్‌తో నాన్న కాసేపు డ్రైవ్ చేయొచ్చా?

పసడేనా పిన్ని:
మూడు వద్దు నాయనా. గుడి రోజున శాంటా మోనికాలో సూర్యాస్తమయం దాకా ఉండి, భోంచేసి, తొమ్మిది తర్వాత బర్బ్యాంక్ బయల్దేరండి. ఆ వేళకి 405 ఫ్రీవే కాస్త దారిస్తుంది. సాయంత్రం ఐదింటికి మాత్రం దాని మీదికి ఎక్కకండి. నాన్నగారు వచ్చింది చూడ్డానికి కాబట్టి చెల్లుబాటయ్యే ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చు. అద్దె కంపెనీ వాళ్ళు వాళ్ళ రూల్ పెడతారు, పేరు చేర్చే ముందు అడగండి. నన్నడిగితే ఆయన్ని కిటికీ పక్కన కూర్చోనివ్వండి.

వీలైతే దిగడం బర్బ్యాంక్ ఎయిర్‌పోర్ట్‌లో, తిరుగు ప్రయాణం శాంటా ఆనాలోని జాన్ వేన్ నుంచి పెట్టుకోండి. ఆనహైంకి అదే దగ్గర. ఒక చోట కారు తీసి ఇంకో చోట ఇస్తే అదనంగా ఎంత పడుతుందో చూసుకోండి.

రైలెక్కే రాజు:
కనీసం హాలీవుడ్ రోజైనా వ్యాన్ హోటల్లో వదిలేయండి అన్నా. యూనివర్సల్ సిటీ స్టేషన్‌లో ఎక్కితే హాలీవుడ్ హైలాండ్ పక్క స్టేషనే. ఆ నాలుగు బోర్డుల స్తంభం బాధ తప్పుతుంది.

అమ్మానాన్నల డ్రైవర్ (టోరెన్స్):
ఈ ఒక్కదానికి రాజు రైటే. గ్రిఫిత్‌కి సోమవారం వెళ్ళకండి, మూసి ఉంటుంది. హోటల్ బుక్ చేసేటప్పుడు మొదట కనిపించే రేటు నమ్మకండి. పార్కింగ్, రిసార్ట్ ఫీజు, పన్ను కలిపిన చివరి పేజీ దాకా వెళ్ళి పోల్చుకోండి. లాస్ ఏంజెలెస్ సిటీలో హోటల్ పన్నే 14 శాతం.

ఓరుగల్లు పోరడు (అర్వైన్):
ఆనహైంకి మారే రోజు పదకొండుకి ఖాళీ చేసినాక ఆర్టీసియా దిక్కు పోనీయండి, అందరూ కూర్చుని భోంచేయండి, బండిని ఆ హోటల్ కిటికీలోంచి కనబడేటట్టు పెట్టుకోండి. మూడయితది.