‘చూడచూడ’ అంటే కంటితోనా, నాలుకతోనా?

కాకినాడ: మనవరాలికి వేమన పద్యం చెబుతూ రెండో పాదం దగ్గర ఆగిపోయాను. “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడచూడ రుచుల జాడ వేరు” అన్నచోట చూసేది కంటితోనా, నాలుకతోనా అని ఆ పిల్ల అడిగింది. కంటికి రెండూ తెల్లగానే ఉంటాయి కదా. పెద్దలు దయచేసి చెప్పగలరు.

వరంగల్లు: అమ్మా, తెలుగులో ‘చూడు’ కంటికే కట్టుబడిన క్రియ కాదు. వాసన చూస్తాం, నాడి చూస్తాం, రుచీ చూస్తాం. పక్కనే ‘రుచుల’ అని ఉంది కనుక ఇక్కడ నాలుకే. అయితే మీరు ‘నొక్క’ అని రాశారు; నేను చిన్నప్పుడు వల్లించింది ‘న్యొక్క’. ముందు అది తేలాలి.

కడప: ‘న్యొక్క’కు వ్యాకరణంలో చోటు లేదండీ. కప్పురంబును, ఒక్క అనే రెండు మాటలు కలిస్తే ‘కప్పురంబు నొక్క’ అవుతుంది. మొదటి ‘ఉ’కు ‘నొ’లోని ఒకారంతో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో ఉండవలసిన పొత్తు, చక్కగా కుదురుతుంది. పైగా మన నోట ఒకారం ముందు పలికేది వకారం, అందుకే ‘వొక్కటి’ అంటాం. ‘యొక్క’ అనే విభక్తి అలవాటే ఇక్కడికి యకారాన్ని తెచ్చిందని నా ఊహ.

వరంగల్లు: సంధి మాట ఒప్పుకుంటాను. కానీ ఇవి నోటి నుంచి నోటికి వచ్చిన పద్యాలు. బ్రౌను 1829లో అచ్చు వేయించేనాటికే తాళపత్రాల నిండా పాఠభేదాలున్నాయి. ఇంతమంది నోట నిలిచిన అక్షరాన్ని తప్పని తోసివేయడానికి నాకు మనసు రాదు.

విజయనగరం: యతి మాట వచ్చింది కనుక రెండో పాదమూ చూడండి. ‘చూ’కు ‘జా’తో హల్లు మైత్రి ఉన్నా అచ్చు మైత్రి లేదు, అక్కడున్నది చూడ, జాడ అనే ప్రాసయతి, అంటే బదులుగా రెండో అక్షరం ‘డ’ కలవడం. అంటే ‘చూడ’ అనే మాట అక్కడ కదలడానికి వీలు లేనిది. ఇక అది రెండుసార్లు ఎందుకు వచ్చిందంటే, “తినగ తినగ వేము తియ్యనుండు” అన్నప్పటిలాగే కాలం గడవడాన్ని చెప్పడానికి. ఉప్పును ఒక్కసారి నాలుక మీద వేసుకుంటే చాలు, మళ్లీమళ్లీ చూడనక్కరలేదు. మూత లేని గిన్నెలో రెండూ పెట్టి ఉంచితే, ఉప్పు ఉన్నచోటే ఉంటుంది, కర్పూరం మాత్రం చూస్తుండగానే తరిగిపోతూ ఇల్లంతా పరిమళిస్తుంది. తర్వాతి పాదంలోని పుణ్యపురుషుడు తేలేదీ అలాగే కాదా? కనుక కంటితో చూడటమే అంటాను.

కడప: చాలా అందంగా చెప్పారు, కానీ అప్పుడు ‘రుచుల’ అన్న మాట ఏమవుతుంది? సంస్కృతంలో రుచికి కాంతి అనే అర్థమూ ఉంది. వేమన నోట అది నప్పదు. కప్పురం నాలుకకు కొత్తదీ కాదు. పెద్దన తన చాటువులో కవిత్వం చెప్పడానికి కావలసినవాటిలో ప్రియదూతిక తెచ్చి ఇచ్చే కప్పుర విడేన్ని భోజనం కంటే ముందు చెప్పుకున్నాడు. ఆ వరుసలో ఉయ్యెలమంచం కూడా ఉండటం నాకెంతో ఇష్టం.

వరంగల్లు: ఆ పద్యం మొదట ‘నిరుపహతి స్థలంబు’ అంటారా, ‘నిరుపహత స్థలంబు’ అంటారా? ‘స్థ’ ముందు రెండూ గురువులే కనుక చంపకమాల గణాలు దేనికీ అడ్డు చెప్పవు. సమాసం చూస్తే నాకు ‘నిరుపహత’ సాఫీగా తోస్తుంది.

కాకినాడ: విజయనగరం అమ్మగారు చెప్పినట్టు ఈ సాయంత్రం రెండు గిన్నెలు పెట్టి ఉంచాను. పిల్ల రెండింటినీ వేలితో అద్ది నాకి చూసింది కూడా. ‘నొక్క’ అని నేర్పనా, ‘న్యొక్క’ అనా?